చిరంజీవి అమ్మాయికి: విడాకుల తర్వాత భార్యకు చెందేది

విడాకులతో తెగిపోయేది వివాహబంధం. భార్య సొంత ఆస్తి మీద ఆమె హక్కు తెగిపోదు, బతుకుదెరువుకు ఆధారం అడిగే హక్కూ పోదు. ఈ రెండూ వేర్వేరు హక్కులు. తనది తనకు తిరిగి రావడం ఒకటి, మాజీ భర్త సంపాదనలోంచి పోషణ పొందడం మరొకటి. ఈ తేడా తెలియక కొందరు లేని హక్కు కోసం ఏళ్ల తరబడి కోర్టుల చుట్టూ తిరుగుతారు. మరికొందరు ఉన్న హక్కును విసుగెత్తి వదిలేసుకుంటారు. కాపురం చల్లగా ఉన్న రోజుల్లోనే ప్రతి ఆడపిల్లా తెలుసుకుని ఉండవలసిన సంగతి ఇది.

మొదట చెప్పుకోవలసింది స్త్రీధనం. పెళ్లికి ముందు, పెళ్లిలో, ఆ తర్వాత పుట్టింటివారు గానీ అత్తింటివారు గానీ బంధుమిత్రులు గానీ ఆమెకని ఇచ్చిన నగలు, నగదు, సామాను, స్థలం పొలం అన్నీ ఇందులోకి వస్తాయి. అత్తవారింట్లో ఉన్నంత మాత్రాన అది ఉమ్మడి సొత్తు అయిపోదని, దాచమని ఇచ్చిన నగలు తిరిగివ్వకపోతే అది నమ్మకద్రోహ నేరమేనని సుప్రీంకోర్టు 1985లోనే తేల్చింది. కష్టకాలంలో భర్త ఆ బంగారం వాడుకున్నా తిరిగి ఇవ్వవలసిన బాధ్యత అతనిదేనని 2024 ఏప్రిల్‌లో మరోసారి చెప్పింది. అదే ఏడాది ఆగస్టులో తెలంగాణ నుంచి వెళ్లిన ఒక కేసులో, కూతురు అధికారం ఇవ్వకుండా కన్నతండ్రి కూడా ఆమె స్త్రీధనాన్ని అడగలేడని స్పష్టం చేసింది. కట్నంగా ఇతరులు పుచ్చుకున్నదాన్ని సైతం మూడు నెలల్లోగా ఆమెకు అప్పగించాలని 1961 నాటి వరకట్న నిషేధ చట్టం ఆదేశిస్తోంది.

హక్కు ఎంత గట్టిదైనా కోర్టులో నిలబెట్టేది సాక్ష్యం. చాలా ఇళ్లలో వడ్డాణం, అరవంకీలు అత్తగారి పేరు మీదున్న లాకర్లో ఉంటాయి, వాటి బిల్లు తండ్రి బీరువాలో ఎక్కడో ఉంటుంది, తాకట్టు పెట్టినప్పుడు రసీదు భర్త పేరు మీద వస్తుంది. అందుకే నగల బరువులతో ఒక జాబితా, బిల్లులు, పెళ్లి ఫొటోలు, బ్యాంకు రసీదులు, అన్నిటికీ ఆమె దగ్గర ఒక ప్రతి ఉండాలి. పసుపు కుంకుమ కింద ఇచ్చే పొలం విషయంలో మరీ జాగ్రత్త అవసరం. నోటిమాటతో ఇచ్చిన భూమి చెల్లదు. దాన పత్రం రిజిస్టరై, పట్టాదారు పాసుపుస్తకం ఆమె పేరున వచ్చినప్పుడే ఆ మాటకు బలం.

ఇక భర్త ఆస్తి. విడాకులైతే సగం వాటా వస్తుందన్న నమ్మకం చాలామందిలో ఉంది. గోవా పౌరస్మృతి తప్ప దేశంలోని సాధారణ చట్టం అలాంటి సగభాగం ఇవ్వదు. భర్త సొమ్ముతో, భర్త పేరున కొన్న ఇల్లు అతనిదే. ఇద్దరి పేర్లూ ఉంటే ఆమె వాటా ఆమెది. కాబట్టి ఇంటి వాయిదాల్లో ఆమె జీతం కూడా పోతున్నప్పుడు దస్తావేజులో ఆమె పేరు ఉండి తీరాలి. 2005 నాటి గృహహింస చట్టం కలిసి కాపురమున్న ఇంట్లో నివసించే హక్కు కల్పిస్తుంది గానీ యాజమాన్యం ఇవ్వదు. విడాకులు తీసుకున్న భార్య మాజీ భర్తకు వారసురాలు కాదు. పిల్లలు మాత్రం తండ్రికి ఎప్పటికీ వారసులే.

పుట్టింటి ఆస్తి మీద హక్కుకు విడాకులతో సంబంధం లేదు. ఉమ్మడి ఆస్తిలో కూతుళ్లకు సమాన వాటా ఇస్తూ ఆంధ్రప్రదేశ్ చేసిన సవరణ 1985 సెప్టెంబరు 5 నుంచి అమల్లోకి వచ్చినా అప్పటికే పెళ్లయినవారికి వర్తించలేదు. 2005 నాటి కేంద్ర సవరణ ఆ అడ్డు తొలగించింది.

పోషణ విషయానికొస్తే, హిందూ వివాహ చట్టం 24వ సెక్షన్ కింద కేసు నడుస్తుండగా మధ్యంతర భరణం, 25వ సెక్షన్ కింద శాశ్వత భరణం అడగవచ్చు. పాత నేర విచారణ స్మృతిలోని 125వ సెక్షన్ ఇప్పుడు భారతీయ నాగరిక్ సురక్షా సంహితలో 144వ సెక్షన్. తనను తాను పోషించుకోలేని, మళ్లీ పెళ్లి చేసుకోని విడాకుల భార్యకు మతంతో పనిలేకుండా అది ఆసరా. ముస్లిం మహిళలకూ ఆ దారి ఉందని 2024 జులైలో తెలంగాణ నుంచి వెళ్లిన మరో కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. ఆదాయం, ఆస్తి, అప్పుల వివరాలు ఇరుపక్షాలూ అఫిడవిట్‌లో ఇవ్వాలని, దరఖాస్తు తేదీ నుంచే భరణం లెక్కించాలని 2020లో నిర్దేశించింది. కనుక దరఖాస్తు ఆలస్యమైతే నష్టం ఆమెదే.

పరస్పర అంగీకార విడాకుల్లో పెద్ద నష్టం తొందరపాటు సంతకం వల్లే జరుగుతుంది. ‘ఏమీ వద్దు, వదిలిస్తే చాలు’ అనిపించే రోజున ఏ కాగితం మీదా సంతకం చేయకూడదు. నగల జాబితా, పిల్లల చదువు ఖర్చు, ఇంటి అప్పు ఎవరు తీర్చాలన్నది, డబ్బు ఏ తేదీకి ఎంత ముట్టాలన్నది ఒప్పందంలో వివరంగా ఉండాలి. చేతికి అందకముందే ‘అన్నీ ముట్టాయి’ అని రాసివ్వకూడదు. తనకు చెందినది అడగడం యాచన కాదు, అందులో చిన్నతనమేమీ లేదు. తనది కానిదాని కోసం అబద్ధపు లెక్క చూపడం మాత్రం ధర్మం కాదు, కేసుకూ చేటు. లాయరు ఫీజుకు వెనకాడనక్కరలేదు. 1987 నాటి న్యాయసేవల చట్టం ప్రకారం ఆదాయంతో నిమిత్తం లేకుండా ప్రతి మహిళా ఉచిత న్యాయసహాయానికి అర్హురాలు. జిల్లా న్యాయసేవాధికార సంస్థలో గానీ, 15100 నంబరుకు ఫోను చేసి గానీ ఆ సాయం కోరవచ్చు.

శుభాశీస్సులతో,
పెదనాన్న