సంగ్రహమా? పరిగ్రహమా?

వస్తువులను కూర్చుట మనుష్యునకు బాల్యమునుండియు అబ్బు గుణము. గవ్వలు, రంగురాళ్లు, తపాలాబిళ్లలు, నాణెములు, తాళపత్రములు - వయస్సును విద్యను బట్టి వస్తువు మారునేకాని కూర్చవలెనను కోరిక మారదు. ఈ కోరిక మంచిదా, చెడ్డదా యను ప్రశ్నకు మన పూర్వులు ఒక్కమాటలో ఉత్తరమీయలేదు. గ్రంథములను కూర్చినవానిని విద్యాపోషకుడని కొనియాడిరి. ధనమును కూర్చినవానిని లోభియని గర్హించిరి. యోగశాస్త్రమును జైనమతమును అపరిగ్రహమును వ్రతములలో నొకటిగా జేర్చినవి. కావున కూర్చుట యను క్రియ యొక్కటియే యయ్యు ఒకచోట గుణమును, మఱియొకచోట దోషమును అగుచున్నది. ఈ భేదమునకు మూలమెక్కడ నున్నదో తెలిసికొనుటకై, పెద్దలనేకులు పిల్లలయాటగా దలంచు ఒక చిన్న విషయమును దీసికొందము. చిన్న విషయమునందు ధర్మసూక్ష్మము తేటగా గనబడును.

అమెరికా సంయుక్తరాష్ట్రములలో బాస్కెట్‌బాల్ ఆటను వృత్తిగా గైకొన్న జట్లు గలవు. ఆ యాటగాండ్ర చిత్రములను అట్టముక్కలపై నచ్చొత్తి, వెనుకవైపున వారి యాటల లెక్కలను ముద్రించి, పొట్లములుగా గట్టి అమ్ముదురు. వీనినే కార్డులందురు. పొట్లమును విప్పినగాని లోపల నెవరి బొమ్మ యున్నదియు దెలియదు. అచ్చట కాపురమున్న మన తెలుగువారి పిల్లలకును ఈ పొట్లములు అంగళ్లలో నెదురగుచునే యున్నవి. కొనువారిలో కొందరు ఒక్క యాటగాని కార్డులనే కూర్చుదురు. కొందరు ఒక్క సంవత్సరపు వరుసను పూర్తిచేయగోరుదురు. మఱికొందరు తమ మనసునకు నచ్చిన ఒక్క జట్టును బట్టుకొని, దానియందు ఆడినవారందరి కార్డులను సమకూర్చుదురు. ఈ మూడవ తెగవారి పనియే మన విచారమునకు దగియున్నది.

ఉదాహరణమునకు సీయాటిల్ నగరపు సూపర్‌సానిక్స్ జట్టును జూడుడు. అది 1967లో బుట్టినది. విమాననిర్మాణమునకు బ్రసిద్ధికెక్కిన ఆ నగరమున అప్పుడు ధ్వనికంటె వేగముగా బోవు ప్రయాణవిమానమును నిర్మింప సంకల్పించియుండిరి. ఆ విమానమునుబట్టియే జట్టునకు బేరు కలిగినది. విమానప్రయత్నము 1971లో ఆగిపోయినది. జట్టు మాత్రము నిలిచి, 1979లో వాషింగ్టన్ బులెట్స్ జట్టును తుదిపోటీలలో నాలుగాటలకు ఒక్కయాట చొప్పున నోడించి విజేత యయ్యెను. 2006లో ఓక్లహోమా నగరపు ధనికులు కొందరు దానిని కొనిరి. 2008లో తమ నగరమునకు దరలించుకొనిపోయిరి. అప్పటి వ్యాజ్యము రాజీపడినప్పుడు సీయాటిల్ నగరమునకు 4 కోట్ల 50 లక్షల డాలర్లు లభించినవి. జట్టు పేరును, దాని రంగులును ఆ నగరమునకే విడువబడినవి. ఒకచోట పేరులేని శరీరమును, మఱియొకచోట శరీరములేని పేరును మిగిలినవి!

ఇట్టి జట్టు కార్డులను గూర్చువాడు నిజముగా గూర్చుచున్నదేమి? మిళిందరాజుతో నాగసేనుడు రథమును గూర్చి చేసిన విచారము చదువరులలో ననేకు లెఱుగుదురు. ఇరుసు రథమా, చక్రము రథమా, నొగ రథమా యని యొక్కొక్కదానినే యడిగి, ఏదియు గాదనిపించి, వాని కూర్పునకు మనము పెట్టుకొన్న పేరే రథమని ఆ భిక్షువు తేల్చెను. జట్టును అట్టిదే. 1967లో ఆడినవారిలో ఒక్కడును 2008లో ఆడుటలేదు. గ్యారీ పేటన్ అను మేటి యాటగాడు 1990లో ఈ జట్టున జేరి, 2003 ఫిబ్రవరిలో మిల్వాకీ జట్టునకు మార్పిడియై పోయెను. కెవిన్ డురాంట్ 2007-08లో సీయాటిల్ ఉడుపులతో తొలియేడు ఆడి, మరుసటియేడు ఓక్లహోమా ఉడుపులు ధరించెను. పేటన్‌యొక్క మిల్వాకీ కార్డు ఈ సంపుటమున జేరునా? 2025లో ఓక్లహోమా జట్టు విజేత యైనది గదా. ఆనాటి కార్డులకు ఇందు తావున్నదా?

ఈ ప్రశ్నలకు వస్తువులు ప్రత్యుత్తరమీయవు, కూర్చువాడే యీయవలయును. సీయాటిల్ ఉడుపులు గల కార్డు మాత్రమే నా సంపుటమున జేరునని యొకడు నియమము పెట్టుకొనును. పేరు మారినను పరంపర యొక్కటియే యని వేరొకడు ఓక్లహోమాను గూడ జేర్చుకొనును. ఇరువురి నియమములును యుక్తములే. ఏ నియమమును లేనివాడు మాత్రము కనబడినదెల్ల గొనును; వాని పెట్టె నిండునుగాని వానికి సంగ్రహ మేర్పడదు. సంగ్రహమునకు ఐక్యము నిచ్చునది సంగ్రాహకుని నియమమే. ఆ నియమమునకు మూలము తనకు వెలుపలనున్న యొకదానియందలి ప్రేమ. ఒక పురము నలువదియొక్క యేండ్లు ఒక్కగొంతుతో ఉత్సహించిన ఆ జ్ఞాపకమునే యాతడు పుటలలో నిలుపుచున్నాడు.

ఈ నియమమువలన గలుగు మొదటి ఫలము సమదృష్టి. ఒక్క మేటియాటగానినే కోరువానికి తక్కినవారు చెత్త. జట్టును గోరువానికి పేటన్ ఎంత యవసరమో, బల్లపై గూర్చుండి తన వంతుకై యెదురుచూచినవాడు నంత యవసరము; వాడు లేనిదే పుట నిండదు. నేట్ మెక్‌మిలన్ అను నాతడు 1986 మొదలు 1998 వఱకు పండ్రెండేండ్లును సీయాటిల్ జట్టునందే యాడెను. ఆతని కార్డు వెనుకనున్న అంకెలు కన్నులు మిరుమిట్లు గొలుపునవి కావు; అంగడిలో దాని వెలయు స్వల్పమే. 1996లో షికాగో జట్టుతో జరిగిన తుదిపోటీలలో వెన్నునొప్పిచే నాతడు కొన్ని యాటలకు దూరమయ్యెను. మొదటి మూడాటలును ఓడిన జట్టు, నాలుగవ యాటలో నాతడు మరల దిగినప్పుడు గెలిచెను. చివరకు పోటీ షికాగోకే దక్కినను, ఆతని కార్డును ప్రేమతో దాచువాడు అంకెకెక్కని గుణమొకటి లోకమున గలదని నేర్చుచున్నాడు. గృహమునందును, గ్రామమునందును ఇట్టివారివలననే కార్యములు నడచుచున్నవి గదా!

రెండవ ఫలము వినిమయము. పొట్లమును విప్పిన సీయాటిల్ అభిమానికి బోస్టన్ వారి బొమ్మలు వచ్చును. బోస్టన్ అభిమానికి సీయాటిల్ వారివి వచ్చును. ఒకనికి మిగులు మఱియొకనికి వెలితి. ఇరువురును మార్చుకొనినచో ఇరువురును లాభపడుదురు, ఎవడును నష్టపడడు. హద్దుగల కోరిక యున్నవాడే సంతోషముతో నీయగలడు. అన్నియు గావలెననువాని చేయి యెన్నడును విడివడదు.

ఇక దోషమును జూతము. 1969-70లో టాప్స్ అను సంస్థ వేసిన వరుసలో మొత్తము కార్డులు 99 మాత్రమే; ఒక జట్టుపాలు వ్రేళ్లపై లెక్కింపదగినది. 1983 మొదలు 1986 వఱకు స్టార్ అను సంస్థ జట్టువారీగానే సంచులలో బెట్టి యమ్మినది. ఏ సంచిలో నేమున్నదో కొనువాడెఱుగును. తరువాత వర్తకులు మనుష్యుని బలహీనతను కనిపెట్టిరి. అరుదైనదానికై మనసు లాగును గావున అరుదుతనమునే తయారుచేయ మొదలిడిరి. 1997-98లో ఫ్లీర్ సంస్థ మెటల్ యూనివర్స్ అను వరుసలోని కార్డులను వేరొక మెఱుగుతో నూఱేసి చొప్పున మరల నచ్చొత్తి, అందు మొదటి పదింటికి ఆకుపచ్చ రంగును, తక్కిన తొంబదింటికి ఎఱుపు రంగును బెట్టెను. పిమ్మట లోకమున నొక్కటియే యుండునట్టి కార్డులను సయితము వేయసాగిరి. మైకేల్ జోర్డన్, కోబీ బ్రయంట్ ఇరువురి సంతకములును గల అట్టి యొక్క కార్డు 2025 ఆగస్టులో 1 కోటి 29 లక్షల డాలర్లకు అమ్ముడుపోయినది.

ఇందలి మాయను గుర్తింపుడు. తాటియాకుల గ్రంథము అరుదగుట కాలము చేసినపని. ఈ కార్డు అరుదగుట అమ్మువాడు చేసినపని. రంగు మార్చి, అంకె వేసి, ఒకే బొమ్మను పదివిధముల నచ్చొత్తినప్పుడు, అంతయు పూర్తి చేయుదునను సంగ్రాహకుని వ్రతమే వానికి ఉరియగును. సీయాటిల్ జట్టు 2008లోనే ముగిసినను, దాని పూర్వపు టాటగాండ్ర బొమ్మలను నేటికిని క్రొత్త వరుసలలో వేయుచునే యున్నారు. కావున ముగిసిన చరిత్రకును ముగింపులేని కార్డులు! బాలుడు ఈ రూపాయికి గాకున్న మఱురూపాయికి రాకపోదా యని పొట్లముమీద పొట్లము విప్పుట జూదమునకు అక్షరాభ్యాసము గాక మఱేమి?

ఇది మంచి పెట్టుబడియే యని కొందరు వాదింపవచ్చును. 1990 ప్రాంతమున ఆ యాశతోనే జనులు పెట్టెలకు పెట్టెలు కొని దాచిరి. అచ్చువేసినవారును లెక్కలేకుండ వేసిరి. నాటి కార్డులలో ననేకము నేడు అతిస్వల్పమైన వెలకు దొరకుచున్నవి. లాభమునకై దాచినవానికి అవి చిత్తుకాగితములు. ప్రేమతో దాచినవానికి అవి నాటివలెనే విలువగలవి. మఱికొందరు ఇదియంతయు వట్టి కాగితమే, పిల్లలకు నిషేధింపవలసినదే యందురు. ఇదియు సరికాదు. నిషేధము కోరికను నశింపజేయదు, దాచుకొనుట నేర్పును. తల్లిదండ్రులు చేయదగిన పని వేఱొకటి గలదు. విప్పని పొట్లమునకు బదులు, కావలసిన కార్డును చూచి కొనుట నేర్పవలయును. నీ సంపుటమున జేరదగినదేది, జేరరానిదేది యని యడిగి, బాలునిచేతనే నియమమును వ్రాయింపవలయును. ప్రతి యాటగానికిని ఒక్క కార్డు చాలునని యొకడు వ్రాసికొనవచ్చును. అట్టివాని సంపుటము ఒకనాడు నిజముగా పూర్తియగును.

పూర్తియగుటకు వీలుగా హద్దు గీచుకొన్న కూర్పు సంగ్రహము. ఎన్నటికిని పూర్తికాని కూర్పు పరిగ్రహము. మొదటిది కూర్చువానిని తన వెలుపలనున్న జనులకును, జ్ఞాపకములకును దగ్గఱ చేయును. రెండవది వానిని తన పెట్టెకే కావలివానిని చేయును. ఈ పరీక్ష అట్టముక్కలకు మాత్రమేకాదు. మన నగలపెట్టెలకును, పొలముల దస్తావేజులకును, తుదకు మన పుస్తకముల బీరువాలకును ఇదియే పరీక్ష. ఇది చాలునని యెప్పుడందుమో ముందుగా నిర్ణయించుకొన్నవాడే తన వస్తువులకు యజమానుడు.