వదులైన బట్టలు

ఉమ్మడి ఆదిలాబాద్‌లో, కెరమెరి, తిర్యాణి గూడేల్లో పొద్దున్నే చలిమంటల చుట్టూ చేరే రోజులివి. కరీంనగర్‌లో రోజూ నడిచి సన్నబడ్డవాళ్ల బీరువాల్లోనేమో వదులైన స్వెటర్లు మూలుగుతుంటాయి. మళ్లీ లావైతే ఎట్లా అని భయం. ఒక ఎండాకాలం, ఒక చలికాలం బరువు నిలకడగా ఉంటే ఇక ఇచ్చేయొచ్చని నా నమ్మకం. స్వెటర్లకు మాత్రం అంత గడువు వద్దు, ఆ గూడేలవాళ్లకు ఈ చలిలోనే ఇవ్వండి. ఉతికి, ఊడిన గుండీలు కుట్టి మరీ ఇవ్వండి. తీసుకునేవాళ్లకూ మర్యాద ఉంటుంది. ఏ ప్రయత్నమూ లేకుండానే బట్టలు వదులైతే ముందు డాక్టరుకు చూపించుకోండి. షుగరో, క్షయో కావచ్చు. ఇవ్వడానికి మనసొప్పని చొక్కా ఒకటుంటే దర్జీతో పక్క కుట్లు లోపలికి వేయించుకోండి. మెత్తబడ్డ నూలు చీరలను పొరలుగా పరిచి, దగ్గరదగ్గర కుట్లతో బొంత కుట్టించండి.