రాజుల చరిత్ర – భక్తుని చూపు

వైష్ణవగృహాలలో నిత్యపారాయణ గ్రంథాల సరసన గురుపరంపరా చరిత్రలకు ఎల్లప్పుడూ చోటు కలదు. భగవంతుని కథ ఎంత పావనమో భాగవతుల కథయూ అంత పావనమని పూర్వుల విశ్వాసం. ఆళ్వారుల చరిత్ర చదువుట నరస్తుతి అగునేమోనని ఎవరూ శంకించరు. చిక్కు వచ్చేది రాజుల, మంత్రుల, ప్రజానాయకుల జీవితచరిత్రల దగ్గర. వారిలోనూ పరమభక్తులున్నారు. అయితే భక్తుడైన ఏలిక చేసిన ప్రతి పనినీ భక్తికార్యమనియే చదువవలెనా?

నెల్లూరు నుండి సంగం, ఆత్మకూరు దాటి పడమరగా సాగి ఉదయగిరి చేరిన యాత్రికునికి ఈ ప్రశ్న పుస్తకంలో కంటె ఆ కొండ ఎదుటనే స్పష్టంగా తోచును. 1513లో శ్రీకృష్ణదేవరాయలు ఈ దుర్గాన్ని ముట్టడించినాడు. ప్రతాపరుద్ర గజపతి పక్షాన కోటను కాచినవారు తేలికగా లొంగలేదు. ముట్టడి ఏడాదిన్నర సాగినదనీ, రాయలు బండలు పగులగొట్టించి దారులు వేయించినాడనీ పోర్చుగీసు లేఖకుడు నూనిజ్ వ్రాసినాడు. 1514 జూన్‌లో కోట వశమైనది. జూలై 6న రాయలు దేవేరులతో తిరుమల చేరి శ్రీవారికి 30,000 బంగారు నాణెములతో కనకాభిషేకం చేయించినాడు. ఇది తిరుమల శాసనాలలో ఉన్న విషయం. ఉదయగిరి నుండి తీసికొనిపోయిన బాలకృష్ణమూర్తిని 1515లో విజయనగరంలో ప్రతిష్ఠించి, ఆ స్వామికై ఘనమైన ఆలయం కట్టించినాడు.

రాయల చరిత్ర వ్రాసినవారు ఈ ఘట్టాన్ని ఉత్సాహంతో వర్ణిస్తారు. చదివేవారు పులకిస్తారు. కాని ఉదయగిరిలో ఆ స్వామికి దీపం పెట్టిన అర్చకుడు ఏమైనాడు? ఆ ముద్దుకృష్ణుని సేవించుకొన్న ఇల్లాండ్రు మరునాడు ఎవరికి వెన్న నివేదించినారు? విజేత ప్రశస్తిలో వారికి ఒక్క పంక్తి లేదు.

మేల్కోట చెల్వప్పిళ్ళను ఢిల్లీకి కొనిపోయినారనీ, భగవద్రామానుజులు అంత దూరం వెళ్ళి స్వామిని తెచ్చుకొన్నారనీ గురుపరంపర చెప్పునప్పుడు మన కన్నులు చెమ్మగిల్లును. 1323లో శ్రీరంగం విడిచిన నంపెరుమాళ్ళు తిరుమలకొండపై ఏండ్ల తరబడి తలదాచుకొని 1371లో తిరిగి వేంచేసినారని విన్నప్పుడు గుండె కుదుటపడును. మూర్తిని పోగొట్టుకొన్న ఊరి బాధ మనకు తెలియనిది కాదు. తెలిసియూ ఉదయగిరి దగ్గరకు వచ్చేసరికి మరచిపోవుచున్నాము. తీసికొనిపోయినవాడు మనవాడు కావటమే ఇందుకు కారణం.

రెండింటికీ భేదం లేదని అనరాదు. రాయలు మూర్తికి అపచారం చేయలేదు, ఆరాధన ఆగనీయలేదు, వైభవం పెంచినాడు. నిజమే. అయితే ఓడిన గజపతులూ పురుషోత్తముడైన జగన్నాథుని సేవకులే. ఆ స్వామికి ఉదయగిరిలో ఆపద ఉన్నందున రక్షించి తెచ్చినాడని చెప్పుటకు వీలు లేదు. అర్చావతారంలో భగవానుడు ఆశ్రితపరతంత్రుడు. ఎవరు ఎత్తుకొన్నా వారి వెంట పోవును. అది ఆయన సౌలభ్యమే కాని, ఎత్తుకొన్నవారి న్యాయానికి సాక్ష్యం కాదు.

ఇట్లు తలచినంత మాత్రాన రాయల భక్తి బూటకమనుట మరొక తొందరపాటు. ఈనాటి చదువరులలో ఈ రోగం కొంత ఎక్కువ. ఒక్క మచ్చ కనిపించిన చాలు, మనిషినంతటినీ కొట్టివేస్తారు. కుమారునికి విషం పెట్టించినాడన్న అనుమానంతో తిమ్మరుసు కన్నులు తీయించినాడని నూనిజ్ వ్రాసిన పుటనూ, కనకాభిషేక శాసనాన్నీ ఒకే మనిషి చరిత్రగా చదువుటకు ఓర్పు కావలెను. ఆ ఓర్పు లేనివాడు పొగడుటకో తిట్టుటకో మాత్రమే చదువును.

రాయలను తూచుటకు త్రాసు వెదకుకొనవలసిన పని లేదు. దానిని ఆయనే ఇచ్చినాడు. ఆముక్తమాల్యదలో ప్రధానకథను తన దండయాత్రలపై నడపలేదు. పూలమాలలు కట్టే విష్ణుచిత్తునీ, గోదాదేవినీ, యామునాచార్యులనూ చిత్రించినాడు. వారి నడుమ మాలదాసరిని నిలిపినాడు. స్వామి సన్నిధిలో పాడి తిరిగి వచ్చెదనని బ్రహ్మరాక్షసునికి మాట ఇచ్చి, చావు తప్పదని తెలిసియూ ఆ దాసరి తిరిగి వచ్చినాడు. చివరకు తన పాట ఫలాన్ని ఆ రాక్షసునికే ధారపోసినాడు. అతడు ఎవరి నుండియూ ఏమీ తీసికొనలేదు. ఉదయగిరి జయించిన చేయి ఆ దాసరి కథ వ్రాసినది. వ్రాయునప్పుడు రాయలకు ఉదయగిరి గుర్తుకు వచ్చినదో లేదో ఏ చరిత్రకారుడూ చెప్పజాలడు.

1565 తరువాత విజయనగరపు ఆ కృష్ణాలయమూ పాడుపడినది. బాలకృష్ణమూర్తి ఇప్పుడు చెన్నై ప్రభుత్వ మ్యూజియంలో ఉన్నది. చూచువారు వస్తారు, పోతారు. ధూపం లేదు, దీపం లేదు, నివేదన లేదు. నంపెరుమాళ్ళు శ్రీరంగానికి తిరిగి వేంచేసినారు. ఉదయగిరి కృష్ణుడు ఇంకను రాలేదు.