పల్లెపాట – పట్నం గొంతు

పల్లెను విడిచిపోయినవాడు పల్లెను గురించి పాడితే అది నిజమైన పాట అవుతుందా? కాదని తేల్చి చెప్పేవారు మనలో చాలామంది ఉన్నారు. నాగలి పట్టనివాడికి నాగలిపాట ఎక్కడిదని వారి వాదం. వినడానికి సబబుగానే ఉన్న ఈ వాదం పరిశీలనకు నిలవదు.

1968 ఆగస్టులో అమెరికాలో ‘స్వీట్‌హార్ట్ ఆఫ్ ది రోడియో’ అనే రికార్డు వెలువడింది. పాడినది బర్డ్స్ అనే రాక్ బృందం. కంట్రీ అని పిలిచే పల్లె సంగీతాన్ని వారు ఆ రికార్డులో తలకెత్తుకున్నారు. అందుకు ప్రేరకుడు గ్రామ్ పార్సన్స్ అనే ఇరవయ్యొక్కేళ్ల యువకుడు. నారింజతోటల ఆసాముల ఇంట పుట్టి, హార్వర్డులో కొన్నాళ్లు చదివినవాడు. నాష్‌విల్‌లో సంప్రదాయ శ్రోతలు ఈ బృందాన్ని గేలిచేశారు. రాక్ శ్రోతలూ అంతగా ఆదరించలేదు. అమ్మకాల పట్టికలో అది 77వ స్థానాన్ని దాటలేదు. అయినా కంట్రీ రాక్ అనే శాఖకు ఈనాడు దానినే మూలంగా చెబుతారు.

దాని ఆకర్షణ ఎక్కడ ఉంది? అందులో ప్రజాగాయకుడు వుడీ గత్రీ కట్టిన బందిపోటు కథ ఉంది. మెర్ల్ హాగర్డ్ జైలుపాట ఉంది. నల్లజాతి గాయకుడు విలియం బెల్ 1961లో పాడిన విరహగీతం ఉంది. తెల్లవారి పల్లెబాణీ, నల్లవారి వేదన అక్కడ ఒకే స్టీల్ గిటారు మీద మూలుగుతాయి. వాటన్నిటినీ కలిపేది పల్లె కాదు, ఎడబాటు. పోగొట్టుకున్నదాన్ని తలచుకునే గొంతు అది. ఆ బాధను అనుభవించడానికి నాగలి పట్టి ఉండనక్కరలేదు. ఆ ఏడాదే పార్సన్స్, జాతివివక్ష పాలిస్తున్న దక్షిణాఫ్రికాలో పాడనని చెప్పి బృందాన్ని వదిలాడు.

మనకూ ఇటువంటి ఉదాహరణ ఉంది. చదువుకున్న నండూరి సుబ్బారావు పల్లెజనం నుడికారంలో కట్టిన ‘ఎంకి పాటలు’ 1925లో పుస్తకంగా వచ్చాయి. వాటిలో వలపు ఎక్కువ, చాకిరి తక్కువ అనే విమర్శలో నిజం లేకపోలేదు. కాని ఆ భాషకు కావ్యగౌరవం దక్కడంలో ఆ పాటల పాత్రను కాదనలేము.

ఇది దూరదేశపు ముచ్చట మాత్రమే కాదు. ఉదయగిరి, ఆత్మకూరు మెట్టప్రాంతాల నుంచి నెల్లూరుకో, బెంగుళూరుకో వెళ్లిన మన విద్యార్థి పల్లెపాట వింటే కళ్లు తుడుచుకుంటాడు. ఆ కన్నీరు బూటకం కాదు. అయితే పల్లె అందరికీ తల్లి కాలేదు. ఊరి చివర వాడలో పెరిగినవాడికి పట్నం బస్సు ఎక్కడమే విముక్తి అయి ఉండవచ్చు. వాన కురవని ఏడు చేలో గింజ పండక వలసపోయినవాడు తన ఇష్టంతో ఊరు విడవలేదు. బెంగలో వీరిద్దరినీ మరిపించే పాట ఎంత మధురమైనా భూస్వామి జ్ఞాపకాలకు తాళం వేస్తుంది.

కనుక పాడినవాడి పుట్టుకను అడగడం సరైన పరీక్ష కాదు. ఎందుకు విడిచిపోవలసి వచ్చిందో ఆ పాటకు గుర్తుందా, విడిచిపోలేనివాడికి దానిలో చోటుందా అని అడగాలి. ఈ రెండూ ఉన్న పాటను ఏ పట్నంలో పాడినా అది ప్రజలదే. లేనిదాన్ని రచ్చబండ మీద కూర్చుని పాడినా పరాయిదే.