ప్లేటులో మిగిలిన గొంతు



గ్రామఫోను పెట్టెలు మన ఇళ్ళలోంచి పోయి చాలా కాలమైంది. అయినా సదుం, పుంగనూరు, కుప్పం వైపు పాత మిద్దెల అటకలు దులిపితే ఒకటీ అరా ప్లేటు బయటపడవచ్చు. నల్లగా, బరువుగా ఉంటాయి, కిందపడితే పెంకులా పగులుతాయి. నిమిషానికి 78 చుట్లు తిరుగుతాయి, ఒక్కో వైపు సుమారు మూడు నిమిషాల పాట. వాయించే పెట్టె లేదు గదా అని పాత సామాన్లవాడికి వేసేస్తాం. వేసే ముందు నడిమి కాగితం మీద పేరు చదవండి. అది చిత్తూరు వి. నాగయ్యగారి పేరైతే, మీ చేతిలో ఉన్నది మామూలు వస్తువు కాదు.

నాగయ్యగారు పుట్టింది 1904లో, రేపల్లెలో. చిత్తూరు రామవిలాస సభ నాటకాల్లో ఆడి, పాడి పేరు తెచ్చుకోవడంతో ఆ ఊరే ఆయనకు ఇంటిపేరైంది. 1938లో 'గృహలక్ష్మి'తో సినిమాలకు వెళ్ళారు. పోతనగా, వేమనగా జనం గుండెల్లో నిలిచారు. 1946లో 'త్యాగయ్య'ను తానే తీసి, దర్శకత్వం వహించి, తానే ఆ పాత్ర ధరించారు.

ఆ గొంతు ప్రత్యేకత గురించి కాస్త ఆగి చెప్పుకోవాలి. మైకులు లేని రోజుల్లో వెనక వరుసలో చాప మీద కూర్చున్నవాడికి వినబడాలంటే నటుడు పై శ్రుతిలో ఎత్తుకోవలసిందే. రాగం ఎంత సాగితే అన్ని వన్స్‌మోర్లు. నాగయ్యగారిది అందుకు భిన్నమైన పద్ధతి. గొంతు కింది నుంచి, తొందర లేకుండా, పక్కన కూర్చుని మాట్లాడుతున్నట్టు వస్తుంది. మైకు లేకపోతే అలాంటి గొంతుకు మన దగ్గర చోటుండేది కాదేమో! యంత్రం మనిషి గొంతును పాడుచేసిందని నిట్టూర్చే పెద్దలు ఈ సంగతి కూడా లెక్కలో వేసుకోవాలి.

మగ గొంతులో మరీ హెచ్చూ మరీ తగ్గూ కాకుండా నడుమ పలికే గొంతును పాశ్చాత్యులు బారిటోన్ అంటారు. నాగయ్యగారిది సరిగ్గా అదేనని కొలిచి చెప్పను గాని, ఆ పేరు వినగానే ఇంకొక మనిషి గుర్తొస్తాడు. ఇటలీ దేశపు టిట్టా రుఫో. 1877లో పీసా నగరంలో ఇనుప పనివాడి కొడుకుగా పుట్టి, కొలిమి దగ్గర పనిచేస్తూ పెరిగి, ఒపేరాలో, అంటే మొత్తం పాటగానే నడిచే నాటకంలో, మహాగాయకుడయ్యాడు. ఆయన తొలి రికార్డుల నాటికి కరెంటు మైకు రాలేదు. పెద్ద గరాటు ముందు నిలబడి పాడితే ఆ అదురుకే సూది మైనం మీద గీత గీసేది. అలా పట్టుకున్న గొంతును వందేళ్ళ తర్వాత కూడా జనం కొత్తగా కనుగొని ముచ్చటపడుతున్నారు.

ఇక్కడే నాకొక ప్రశ్న తగులుతుంది. కనుగొన్నది గొంతునా, మనిషినా?

1924 జూన్‌లో రుఫో చెల్లెలి భర్త మత్తియోట్టిని ఫాసిస్టులు హత్య చేశారు. పార్లమెంటులో ముస్సోలినీ పక్షాన్ని నిలదీయడమే ఆయన చేసిన నేరం. ఆ తర్వాత రుఫో తన సొంత దేశంలో పాడనని నిశ్చయించుకున్నాడు. 1937లో ఆయనను అరెస్టు చేసి పాస్‌పోర్టు లాక్కున్నారు. పాడిన పాటలు ప్లేట్ల మీద ఉన్నాయి. పాడనన్న మాట ఏ ప్లేటులో ఉంది?

నాగయ్యగారి సంగతీ అంతే. దక్షిణాదిలో ఎక్కువ పారితోషికం తీసుకున్న నటుల్లో ఒకరాయన. అడిగినవారికి లేదనకుండా ఇచ్చారు. 1965లో పద్మశ్రీ వచ్చింది. కాని చివరి సంవత్సరాలు ఇబ్బందుల్లోనే గడిచాయి. 1973 డిసెంబరు 30న మద్రాసులో కన్నుమూశారు. ఆ కష్టకాలంలో కూడా 'త్యాగయ్య' పాటలు వింటూ ఆనందించినవారు లేకపోలేదు. రికార్డు విన్నందుకు పాడినవాడి ఎదుట కూర్చోనక్కరలేదు. అతడు తిన్నాడో లేదో చూడనక్కరలేదు.

పాట వేరు, మనిషి వేరు అని మీలో కొందరు అనవచ్చు. అందులో నిజముంది. తీయని గొంతు మంచితనానికి సాక్ష్యం కాదు, కఠినాత్ముడు కూడా కమ్మగా పాడగలడు. కాని మనిషి జీవితం తెలిశాక వినడం మునుపటిలా ఉండదు. వేమన వైరాగ్యం పాడిన గొంతు నిజంగానే ఉన్నదంతా పంచిపెట్టిందని తెలిశాక, ఆ మూడు నిమిషాలూ ఉచితంగా అందినట్టు నాకైతే అనిపించదు.

ఇది సినిమా పెద్దల గొడవ అనుకోకండి. మీ ఊళ్ళోనే హరిశ్చంద్ర పద్యాలు పాడే తాత ఒకాయన ఉండవచ్చు. మీ విచారణలో తపస్సు కాలం పాటలకు పాత రాగాలు తెలిసిన అవ్వ ఉండవచ్చు. ఈ రోజుల్లో సెల్‌ఫోను తీసి పట్టుకోవడం ఎంతసేపు? అడగకుండానే పట్టుకుని, వాళ్ళ పేరైనా రాయకుండా నలుగురికీ పంపేస్తాం. గొంతు మన దగ్గరుంది గదా అని ఆ ఇంటి గడప తొక్కడం మానేస్తాం. ముందు అనుమతి అడగాలి. పేరు, ఊరు, పాట ఎవరి దగ్గర నేర్చుకున్నారో రాసి పెట్టాలి. ఆ తర్వాత కూడా వెళ్ళి వినాలి.

ఇక అటక మీది ప్లేట్ల మాట. వాటిని స్పిరిటుతో తుడవకండి, అందులోని లక్క కరిగిపోతుంది. మెత్తని పొడి గుడ్డ చాలు. ఒకదాని మీద ఒకటి పేర్చకుండా నిలువుగా పెట్టండి. కొన్నది తాతగారో, మేనత్తగారో తెలిస్తే సంచి మీద పెన్సిలుతో ఆ పేరు కూడా రాయండి.