దయయా? తూకమా?

చింతామణి మండీలో చింతపండు బస్తా కాటా మీదికి ఎక్కినపుడు ముల్లు చూపిన బరువంతయు చింతపండుది కాదు. అందులో గోనెసంచి బరువు కూడ కలదు. దానిని తీసివేసి లెక్క వ్రాసిన వర్తకుడు ఎవరిమీదను దయ చూపినట్లు కాదు. సరుకును సరిగా తూచినట్లు మాత్రమే. తప్పుడు తూనికలు, కొలతలు అచౌర్యాణువ్రతమునకు దోషములని పెద్దలు శ్రావకులకు బోధించుచు వచ్చిరి. కాటా దగ్గర ఇంత జాగ్రత్తగా ఉండు వర్తకుడు మనుష్యుని తూచవలసి వచ్చినపుడు కూడ అట్లే ఉండునా అనునది ఆలోచింపదగిన విషయము.

చిక్కబళ్లాపురమునకు సమీపమున ఉన్న నందికొండ ఎత్తు 1,478 మీటర్లు. ఆదివారము తెల్లవారుజామున బెంగుళూరి యువకులు సైకిళ్లపై వచ్చి ఆ మలుపుల దారి ఎక్కుచుందురు. రెండు కాళ్లు గలవారికే అక్కడ రొప్పు వచ్చును. ఒంటికాలితో తొక్కువాని శ్రమ ఎట్టిదో ఊహింపుడు. రెండు కాళ్లవానికి ఒక కాలి పని ముగియగనే రెండవ కాలు అందుకొనును. ఒంటికాలివానికి పెడలు తిరుగు చుట్టులో సగము వట్టిదే. అందుచేత పాదమును పెడలునకు బిగించుకొని, క్రిందికి తొక్కిన కాలితోనే మరల పైకి లాగవలెను. చదును దారిలో బండి వేగము ఈ లోటును కొంత కప్పును. ఎత్తు ఎక్కునపుడు అదియు లేదు. కొందరు కృత్రిమ పాదము ధరించి తొక్కుదురు. వారికి చెమట, ఒరపిడి వలన తెగిన భాగమున పుండ్లు పడుట కలదు.

ఇట్టివారు వినోదమునకు గాక పందెమునకే దిగుచున్నారు. బెంగుళూరు నుండి బాగేపల్లి మీదుగా పోవు పెద్దరోడ్డు హైదరాబాదు చేరును. ఆ నగరవాసి ఆదిత్య మెహతా 2006లో రోడ్డు ప్రమాదమున ఒక కాలు పోగొట్టుకొనెను. తరువాత సైకిలు పట్టి, 2013లో ఢిల్లీలో జరిగిన ఆసియా పారా సైక్లింగు పోటీలలో రెండు వెండి పతకములు గెలిచెను. తనవంటివారికి శిక్షణ ఇచ్చుటకై తన పేరిట ఒక సంస్థను నెలకొల్పెను. అందు శిక్షణ పొందిన ఆంధ్రప్రదేశ్ యువకుడు షేక్ అర్షద్, మహారాష్ట్ర యువతి జ్యోతి గడేరియా 2024లో పారిస్ పారాలింపిక్సులో పాల్గొనిరి. ఆ క్రీడలలో భారతదేశము తరఫున సైకిలు పందెమునకు దిగిన మొదటివారు వీరే.

అక్కడి తూకము తెలిసికొనదగినది. మామూలు సైకిలు తొక్కగల వికలాంగులను సి1 మొదలు సి5 వరకు ఐదు తరగతులుగా విభజింతురు. లోపము ఎక్కువైనవారు సి1, స్వల్పమైనవారు సి5. అర్షద్ సి2 తరగతివాడు. కొన్ని పందెములలో సి1, సి2, సి3 వారిని ఒకటిగా చేర్చి, ఒక్కొక్క తరగతికి నిర్ణయించిన గుణకముతో వారి కాలమును సవరింతురు. మాటవరసకు, ఒకనికి 80 సెకండ్లు పట్టినది, వాని గుణకము నూటికి 95 అనుకొందురు. అప్పుడు లెక్కకు వచ్చునది 76 సెకండ్లు. సవరణ లేని తరగతివాడు 78 సెకండ్లలో వచ్చినను, గెలుపు మొదటివానిదే.

ఆలస్యముగా వచ్చినవానికి బహుమతియా అని కొందరు అడుగవచ్చును. ఈ ప్రశ్న త్రోసివేయదగినది కాదు. పందెము నిజము కావలెనన్న కొలత నిజము కావలెను. కాని గడియారము చూపినది శరీరమును, ప్రయత్నమును కలిపిన మొత్తము. పందెము తూచవలసినది ప్రయత్నమును, నేర్పును. గోనె బరువు తీయని తూకము ఎట్లు సరి కాదో, లోపము తీయని కాలము కూడ అట్లే సరి కాదు. ఆ గుణకమును ఎంతగా నిర్ణయింపవలెనో వాదింపవచ్చును. అసలు వలదనుట తగదు.

మరియొక మాట తరచు వినబడును: అది వాని పూర్వకర్మ ఫలము, ఎవరేమి చేయగలరు? శరీరము నామకర్మ వలన కలుగుననియు, శక్తికి అడ్డు వచ్చునది వీర్యాంతరాయమనియు శాస్త్రము తెలుపును. అంతటితో ఆగక పురుషార్థము చేత కర్మను క్షీణింపజేయవచ్చునని కూడ తెలుపును. మొదటి మాటను పట్టుకొని రెండవదానిని విడిచినవాడు ఖాతాలో ఖర్చు వ్రాసి జమ వ్రాయని గుమాస్తా వంటివాడు.

ఇంకొక సంగతి. పారిస్‌లో అర్షద్‌కు గాని జ్యోతికి గాని పతకము రాలేదు. సరియైన తూకము తేలిక సరుకును బరువు చేయదు. వారిని జాలిపడి గెలిపించినవారు లేరు. సరియైన కాటా మీద పోటీ చేసి ఓడిరి. జాలికంటె ఇదియే వారికి గౌరవము.

చిక్కబళ్లాపురములో గాని, చింతామణిలో గాని కాలు లేని యువకుడు పద్దులు వ్రాయు పని కొరకు అంగడికి వచ్చినచో, చేతిలో పది రూపాయలు పెట్టి పంపుట సులభము. పుణ్యము వచ్చినదని మనసు తృప్తి పడును. కాని అతడు అడిగినది పని. నేలమీద గద్దెకు మారుగా ఒక కుర్చీ, వాకిటి మెట్టు ప్రక్కన ఒక చిన్న వాలు, పద్దుల పెట్టె చేతికందు ఎత్తున ఉంచుట, ఇవి గోనె బరువు తీయుట వంటివి. అటుపై అతని లెక్క తప్పైన యెడల మందలింపవచ్చును. ఒప్పైన యెడల ఇతరులతో సమముగా జీతము ఈయవలెను. ప్రభుత్వోద్యోగములలో వికలాంగులకు నూటికి 4 స్థానములు కేటాయింపవలెనని 2016 చట్టము విధించినది. అంగడి యజమానికి అట్టి నిర్బంధము లేదు. నిర్బంధము లేనిచోటనే వ్రతము అవసరమగును.

దానము గొప్పదే. కాని పూర్తిగా తూచి ఈయవలసినదానిని దానముగా ఇచ్చి కీర్తి పొందుట తూకపు దోషమే. దానము చేయబోవు చేయి ముందుగా తన తక్కెడను ఒకసారి సరిచూచుకొనుట మంచిది.