సంయమమునకు మాత్ర శత్రువా?

మన బళ్లారి ప్రాంతపు వర్తకులలో ఇటీవల తరచుగా వినవచ్చు మాట ఒకటి కలదు: "నాకు షుగరు లేదండీ, బార్డరులో ఉన్నదట!" సరిహద్దు జిల్లావారమైన మనకు సరిహద్దు సంగతి క్రొత్త కాదు. 1953 అక్టోబరు 1వ తేదీన ఆదోని, ఆలూరు, రాయదుర్గము తాలూకాలు ఆంధ్ర రాష్ట్రములోనికిని, బళ్లారి మైసూరు రాష్ట్రములోనికిని పోయినవి. గీత గీసిన మరునాడును నేల అదియే, జొన్నచేలు అవియే. రక్తములోని చక్కెర విషయమును ఇట్టిదే. పరగడుపున డెసిలీటరు రక్తమునకు 100 మొదలు 125 మిల్లీగ్రాముల వరకు చక్కెర ఉన్నచో మధుమేహపు పూర్వావస్థ యని అమెరికా మధుమేహ సంఘమువారందురు. ప్రపంచ ఆరోగ్య సంస్థవారు దానిని 110 నుండి లెక్కింతురు. గీతను మనుష్యులు గీసిరి. దేహము ఏ దిక్కునకు నడచుచున్నదో అదియే మనము చూచుకొనవలసినది.

2023లో ప్రకటితమైన భారత వైద్య పరిశోధనా మండలివారి సర్వే ప్రకారము, మన దేశములో ఈ పూర్వావస్థలో నున్నవారు సుమారు 13 కోట్ల 60 లక్షలమంది. ఇట్టివారిలో కొందరికి వైద్యులు పథ్యము, నడకలతోపాటు మెట్‌ఫార్మిన్ మాత్రను గూడ వ్రాయుదురు. అప్పుడు రెండు విధములైన సమాధానములు వినబడును. "నిగ్రహము లేనివానికి గదా మాత్ర! నాకెందుకు?" అనువాడొకడు. "మాత్ర ఉన్నది గదా, ఒక్క జిలేబీకి ఏమగును?" అనువాడు మరియొకడు. వీరిద్దరును పైకి విరోధులవలె తోచినను, లోపల వీరి అభిప్రాయమొక్కటే. సంయమము, మాత్ర ఒకదాని చోటు నొకటి ఆక్రమించునవి యని ఇద్దరును నమ్ముచున్నారు. ఆ నమ్మకము సరియైనదేనా?

ముందు లెక్క చూతము. మదరాసులో డాక్టరు ఎ. రామచంద్రన్‌గారు, వారి సహచరులు 531 మందిని నాలుగు వర్గములుగా చేసి మూడేండ్లు పరిశీలించి, 2006లో ఫలితములను ప్రకటించిరి. సాధారణ సలహా మాత్రమే పొందినవారిలో నూటికి 55 మంది మధుమేహులైరి. పథ్యము, నడక పాటించినవారిలో నూటికి 39, మాత్ర మాత్రమే పుచ్చుకొన్నవారిలో నూటికి 40, రెండును కలిపి చేసినవారిలోను నూటికి 39 మందియే అట్లయిరి. అనగా రెండును మేలు చేసినవి. కాని రెండు కలిసినందున లాభము రెట్టింపు కాలేదు. 2002లో ప్రకటితమైన అమెరికా పరిశోధనలో పథ్యవ్యాయామములు మధుమేహమును నూటికి 58 పాళ్లు తగ్గింపగా, మాత్ర 31 పాళ్లు తగ్గించినది. అరువదియేండ్లు దాటినవారిలో మాత్రవలన లాభము స్వల్పము, నడకవలన అధికము. వయసు తక్కువై స్థూలకాయము మిక్కిలిగా గలవారిలో మాత్రయు ఇంచుమించు పథ్యముతో సమానముగా పనిచేసినది. కాబట్టి మాత్ర అందరికిని అవసరము కాదు, అందరికిని అనవసరమును కాదు. ఎవరికి కావలెనో వారి వయస్సు, బరువు, రక్తపరీక్షలు చూచి వైద్యుడు చెప్పవలసినదే.

అవి పనిచేయు తీరును గూడ గమనింతము. మెట్‌ఫార్మిన్ ముఖ్యముగా కాలేయము రక్తములోనికి విడుచు చక్కెరను తగ్గించును. నడకచే కండరములు ఆ చక్కెరను ఖర్చుచేయును. ఒకటి వచ్చుబడిని తగ్గించునది, రెండవది పోబడిని పెంచునది. దినమంతయు గద్దెపై కూర్చుండు మనవంటివారికి ఈ రెండవ పద్దే ఎప్పుడును ఖాళీగా నుండును.

ఇక ధర్మవిచారము. ఊనోదరము, రసపరిత్యాగము మన పెద్దలు చెప్పిన బాహ్యతపస్సులలోనివి. కడుపునకు కొంత వెలితిగా తినుట, తీపి మానుట చూచి, "నేను తపస్సు చేయుచున్నాను, నాకు మాత్ర కళంకము" అని కొందరు తలంతురు. ఇక్కడనే పద్దు తారుమారగుచున్నది. కర్మనిర్జరకై మానిన తీపి తపస్సు. చక్కెర తగ్గుటకై మానిన తీపి చికిత్స. ఒకే రూపాయిని రెండు ఖాతాలలో జమ వ్రాయుట మన వృత్తిలోనే తప్పు గదా! షుగరుకై చేయు పథ్యమును ఔషధమే, మాత్రయు ఔషధమే. ఒక ఔషధము గౌరవము, మరియొకటి అవమానము ఎట్లగును? ఆహార, ఔషధ, శాస్త్ర, అభయ దానములని నాలుగింటిని పొగడు మనము, దానమిచ్చునపుడు పుణ్యమైన ఔషధమును మన నోటికి వచ్చునప్పటికి సిగ్గుగా నెంచుట న్యాయమా?

నిజమైన శత్రువులు వేరే కలవు. అవి నాలుగు కషాయములు. "నాకు మాత్ర అక్కరలేదు" అను పట్టుదలలో మానము దాగియుండవచ్చును. మాత్ర మింగి మిఠాయి తినుటలో లోభము కలదు. పరీక్షకు ముందు నాలుగు దినములు మాత్రమే పథ్యముండి వైద్యుని మెప్పించుట మాయ. కాఫీలో చక్కెర తగ్గించిన ఇల్లాలిపై విసుగుకొనుట క్రోధము. ఈ నాలుగింటికిని ఏ మందుల దుకాణములోను మాత్ర దొరకదు. సంయమమునకు పని అక్కడ కలదు.

మన ఆచారముల విషయమున రెండు మాటలు. సూర్యాస్తమయమునకు ముందే భోజనము ముగించువారు ఆ సంగతి వైద్యునితో చెప్పి, మాత్ర వేళను దానికి తగినట్లు నిర్ణయింపజేసికొనవలెను. మెట్‌ఫార్మిన్ ఆహారముతో పుచ్చుకొనునది. పర్యూషణములో ఉపవాసముండగోరువారు ముందుగనే అడుగవలెను. మెట్‌ఫార్మిన్ ఒక్కటే సాధారణముగా చక్కెరను ప్రమాదకరముగా పడవేయదు గాని, వేరు మాత్రలు కొన్ని పడవేయగలవు. మరియు మెట్‌ఫార్మిన్‌ను దీర్ఘకాలము వాడినచో బి12 విటమిను తగ్గవచ్చును. శాకాహారులకు అది సహజముగా లభించునది ముఖ్యముగా పాలు పెరుగులవలననే. కావున దానికిని అప్పుడప్పుడు పరీక్ష చేయించుకొనుట మేలు.

మాత్ర వేసికొన్నవాడు ఓడినవాడు కాడు, వేసికొననివాడు గెలిచినవాడును కాడు. వేసికొన్నవాడు నడక మానరాదు, వేసికొననివాడు పరీక్ష మానరాదు. ఇద్దరిలో ఎవ్వరును రెండవవానిని చూచి నవ్వరాదు.